చద్దేరు దాకా

డిసెంబరు 11

కొండ మీది చెరువు మరగడం లేదట. పొద్దున ఇద్దరు జర్మన్లను తీసుకుని పైకి వెళ్ళిన తోటి గైడు క్లిటస్ మధ్యాహ్నానికి ఈ కబురు తెచ్చాడు. నీళ్ళు అంచు నుంచి బాగా కిందికి దిగిపోయాయట. ఆవిరి కూడా లేదట. తాంత్ ఎలీస్ ఊరందరికీ అత్త. ఆమె గుడిసె ముందు గైడులమంతా పోగయ్యాం. కొండెక్కే యాత్రికులు పేర్లు రాయించుకునేది ఆమె దగ్గరే. ఎవరిని ఎవరు తీసుకెళ్ళాలో తేల్చేదీ ఆమే.

“వాళ్ళకేం చెప్పావురా?” అంది తాంత్.

“పండక్కి సెలవు పెట్టిందని చెప్పా. నమ్మలేదు.”

“నవ్వులాటగా ఉందా నీకు?”

“నాకెక్కడి నవ్వు తాంత్? యాత్రికుల ఓడల కాలం ఇప్పుడే మొదలైంది. మరగని చెరువు చూడ్డానికి సముద్రం దాటి ఎవడొస్తాడు? అలాంటివి వాళ్ళ ఊళ్ళో బోలెడుంటాయి.”

ఇంటికి వచ్చాక కూర్చోలేకపోయాను. పెరట్లో చామ పాదుల మధ్య అటూ ఇటూ తిరిగాను. ఏం పోయిందని మా ఆవిడ వెర్లిన్ కిటికీలోంచి అడిగింది. కత్తి కనబడటం లేదన్నాను. కత్తి నా చేతిలోనే ఉంది.

డిసెంబరు 12

మోకాలి సంగతి ఇందులో రాయదలచుకోలేదు.

డిసెంబరు 14

క్లిటస్‌తో కలిసి వెళ్ళి చూశాను. నిజమే.

ఆ చెరువు ఎప్పుడూ కంటికి కనబడే ముందు చెవికి వినబడుతుంది. ఇవాళ పాడులోయ దాటి చివరి రాళ్ళెక్కుతుంటే నా బూట్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అంచున నిలబడి చూస్తే బూడిదరంగు గొయ్యి, అడుగున బురద, ఒక పక్కగా కాస్త నీళ్ళు. క్లిటస్ నోట కూడా హాస్యం రాలేదు. శవాన్ని చూసి వస్తున్నవాళ్ళలా వెనక్కి తిరిగాం.

దిగేటప్పుడు పెద్ద మోర్న్ కొండ మెట్ల మీద కుడి మోకాలు ఉన్నట్టుండి నాది కానట్టు వంగిపోయింది. వేరు తట్టుకుందన్నాను. క్లిటస్ వెనక్కి తిరిగి వేరు కోసం చూశాడు. అక్కడ మెట్లకు అడ్డం వేసిన దుంగలే గాని వేళ్ళు లేవు. మళ్ళీ ముందుకు తిరిగి నడిచాడు. నా కూతురికి జ్ఞానతండ్రి అతను, అందుకే నన్ను కోంపే అని పిలుస్తాడు. ఊరుకోవలసిన చోట ఊరుకోవడం తెలుసు.

నడవలేని గైడును గుడిసెలో టిక్కెట్లు చింపడానికి కూర్చోబెడతారు. పోయిన ఏడాది వీటల్‌ను కూర్చోబెట్టారు. కార్నివల్ వచ్చేసరికి మనిషి సగమైపోయాడు. యాత్రికులు అతన్ని మరుగుదొడ్డి ఎక్కడని తప్ప ఇంకేం అడగరు.

డిసెంబరు 15

తాంత్ అందరినీ పిలిచి చెప్పేసింది. చెరువు మళ్ళీ మరిగేదాకా యాత్రికులెవరినీ పైకి తీసుకెళ్ళకూడదు. ఖాళీ గోతిలోంచి ఏ విషపు గాలి వస్తుందో తెలియదు. వచ్చినవాళ్ళను జలపాతాలకు తిప్పండి. వారానికోసారి మాత్రం ఎవరైనా ఒకరు వెళ్ళి చూసి రావాలి.

“ఆన్సెల్మ్ వెళ్తాడు” అంది నన్ను చూపించి. “వీడైతే చూసింది చూసినట్టు చెప్తాడు. క్లిటస్‌ను పంపితే చెరువులో తిమింగలాలున్నాయంటాడు.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఒక్కడినే వెళ్ళడం నాకు నయం. వెనకాల ఎవరూ ఉండరు, తొందర ఉండదు.

డిసెంబరు 21

చద్దేరు దాకా వెళ్ళాను. కొండెక్కేవాళ్ళు మూట విప్పి పొద్దుటి తిండి తినేది ఆ ఏటి ఒడ్డునే. అక్కడి దాకా దారి బాగానే ఉంటుంది. ఏరు దాటి మోర్న్ ఎక్కడం మొదలుపెట్టాక కాలు ఒప్పుకోలేదు. కొంచెం పైకి వెళ్ళి తిరిగి వచ్చాను. రాతి మీద కూర్చుని నూనెలో వేయించిన బేక్ రొట్టెలు, ఉప్పుచేప తిన్నాను. పొద్దు వాలేదాకా ఏట్లోకి చూస్తూ ఉన్నాను. చేసేదేమీ లేక లేచి నడవడం, మళ్ళీ కూర్చోవడం.

తాంత్‌తో, అలాగే ఉందని చెప్పాను. అలాగే ఉండి ఉంటుంది. వారంలో ఏం మారుతుంది?

డిసెంబరు 25

చర్చిలో పూజ అయ్యాక క్లిటస్ ఇంటికి వచ్చాడు. ఎర్ర గోంగూర కాయల పానకంలో రమ్ము కలుపుకుని తాగాం. నాడెజ్ నా పక్కన కూర్చుని చెరువు గురించి అడిగింది.

“అడుగున బురద ఏ రంగులో ఉంది నాన్నా?”

“బూడిద రంగు. ఎండుతోంది. బీటలు తీస్తోంది.”

“బీటలా? ఎంత వెడల్పున?”

“చెయ్యి పట్టేంత.”

ఎందుకు అలా అన్నానో తెలియదు. అడిగితే చెప్పాలి కదా.

డిసెంబరు 28

చద్దేరు. వాన పడింది. పెద్ద ఆకుల చెట్టు కింద నిలబడ్డాను. తిరిగి వచ్చి, బీటలు ఇంకా పెరిగాయనీ, నీళ్ళున్న పక్క కూడా ఎండిందనీ చెప్పాను. తాంత్ ఆ మాటలే సుద్దముక్కతో గుడిసె ముందున్న పలక మీద రాసింది. రోజో రేవులో ఓడ దిగి వచ్చిన ఆడవాళ్ళు దాని ముందు నిలబడి చదువుకుని, వ్యాన్లెక్కి జలపాతాలకు వెళ్ళిపోయారు.

జనవరి 2

వెర్లిన్ మోకాలికి బే ఆకు నూనె రాసింది.

“వేరు తట్టుకుందన్నావు. ఆ వేరు ఇంకా తడుతూనే ఉందా?”

“చలికి.”

“ఇప్పుడు చలెక్కడ?”

“పైన.”

ఆమె నూనె సీసా మూత బిగించి లేచి వెళ్ళిపోయింది.

జనవరి 4

చద్దేరు. ఏటికి అవతల కాలు పెట్టలేదు.

చెరువు ఎండిపోయిందని ఊరంతా దిగులుగా ఉంది. ఈ ఏడు ఇంటి రేకులు మార్చలేనని ఒకడు, మోటారు సైకిలు అమ్మేస్తానని ఒకడు. నేను కూడా దిగులుగానే ఉన్నాను. ఇంకేం ఉంటాను?

జనవరి 8

ఇది ఇవాళ గుడిసె దగ్గర జరిగింది.

పక్క దీవి మార్టినిక్ నుంచి ఒక అన్నా చెల్లెలు వచ్చారు. బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళు. పలక మీద రాత చదివి, అయితే చెరువు అడుక్కి దిగి నిలబడవచ్చు కదా అన్నారు. ఆ మాట నాడెజ్ పట్టుకుంది. దానికి గైడు బ్యాడ్జి వచ్చి ఏడాది కాలేదు.

“తీసుకెళ్తాను తాంత్. తాడు కట్టుకుని దిగుతాం. ఇలాంటిది మళ్ళీ ఎప్పుడొస్తుంది? చెరువు అడుగున మనుషుల్ని నిలబెట్టిన గైడు ఇంతవరకూ ఎవరూ లేరు.”

“ఉండకపోవడానికి కారణం ఉండదూ?” అంది తాంత్.

“అప్పుడు నీళ్ళుండేవి. ఇప్పుడు లేవు.”

“నేనూ వెళ్తాలే” అన్నాడు క్లిటస్. “కింద పడితే పైకి లాగడానికి నాలాంటి దుక్క ఒకడుండాలిగా.”

తాంత్ నా వైపు తిరిగింది. అందరూ తిరిగారు.

“నువ్వు చెప్పరా. నిలబడితే నేల ఆగుతుందా?”

“మంచిది కాదు” అన్నాను.

“ఎందుకు కాదు నాన్నా? బురద ఎండిందని నువ్వే కదా అన్నావు? చెయ్యి పట్టేంత బీటలంటే రాయిలా గట్టిపడినట్టేగా?”

“గట్టిగానే ఉంది. అయినా.”

“అయినా ఏంటి?”

తాంత్ నా మొహం చూసి, సరే, శనివారం వెళ్ళండి, చేతితో తాకి చూసి వేడిగా ఉంటే వచ్చేయండి అంది. నాడెజ్ నా మెడ చుట్టూ చేయి వేసింది. ఈ పిల్ల అలా చేసి చాలా కాలమైంది.

జనవరి 9

చెప్తాను.

జనవరి 10

నాడెజ్ వరండాలో తాడు పరిచి ముడులు చూసుకుంటోంది. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

“ఏంటి నాన్నా?”

“ఈ ముడి ఇలా కాదు” అన్నాను. విప్పి మళ్ళీ వేసి ఇచ్చాను. దాని ముడి బాగానే ఉంది.

రేపు చెప్తాను.

జనవరి 11

రేపే వాళ్ళు వెళ్ళేది. ఇవాళ నేనే వెళ్ళి నిజంగా చూసి రావాలనుకున్నాను. ఎండిపోయి కనబడితే చెప్పవలసిందేమీ ఉండదు. ఏరు దాటాను. మోర్న్ సగం కూడా ఎక్కలేదు. మోకాలు ముంజకాయలా ఉబ్బింది. పైనంతా మబ్బు. కొండ అవతల ఏముందో ఇక్కడి నుంచి ఏమీ తెలియదు.

ఎండిపోయే ఉంటుంది. మరగడం మొదలైతే ఎలాగో తెలియదా?

జనవరి 13

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను.

తెల్లవారుతూనే వాళ్ళు బయలుదేరారు. నేనూ వస్తానన్నాను.

“నువ్వెందుకులే నాన్నా, వారం వారం చూస్తూనే ఉన్నావుగా” అంది నాడెజ్. క్లిటస్ నా కాలి వైపు చూసి, ఇంటిదగ్గర ఉండు కోంపే, మాకు సాయంత్రం చారు కాచి పెట్టు అన్నాడు. మార్టినిక్ పిల్ల నాకు చెయ్యి ఊపింది.

ఇంట్లో నిలబడలేకపోయాను. కోళ్ళ దొడ్డి తలుపు బిగించాను. అది వదులుగా లేదు. వెర్లిన్ లోపల వాళ్ళ అక్కతో ఫోన్లో మాట్లాడుతోంది. ఆ అక్క కొండకు అవతలి వైపు, తెల్లేటి ఒడ్డున ఉంటుంది. ఫోను పెట్టేసి బయటికి వచ్చింది.

“మా అక్క వాళ్ళకు బట్టలుతకడానికి నీళ్ళు లేవట. తెల్లేరు ఓ రోజు పాలలా వస్తోందట, మర్నాడు తేరుకుంటోందట, మళ్ళీ పాలలా. క్రిస్మస్ దాటినప్పట్నుంచీ ఇదే వరసంటోంది.” నా మొహంలోకి చూసింది. “చెరువు పొర్లితేగా ఆ ఏరు తెల్లబడేది? నువ్వు ఎండిపోయిందంటున్నావు.”

చెరువు నిండుతోంది. దిగుతోంది. మళ్ళీ నిండుతోంది. అది దిగి ఉన్నప్పుడు వీళ్ళు చేరితే, నా మాట నమ్మి తాడు వేసుకుని అడుక్కి దిగుతారు. పైన ఫోన్లు పలకవు.

“ఏమయ్యా?” అంది వెర్లిన్.

“నేను చూడలేదు” అన్నాను. “ఒక్క వారం కూడా పైదాకా పోలేదు.”

ఆమె తలుపు వెనక ఉన్న కర్ర తెచ్చి చేతికిచ్చింది.

చద్దేరు దాకా ఎలా వెళ్ళానో గుర్తు లేదు. ఏరు దాటాక మోకాలు మూడుసార్లు వంగింది. తర్వాత దాన్ని నమ్మడం మానేశాను. మోర్న్ మెట్లు చేతులతో ఎక్కాను. కర్రను పై మెట్టు మీదికి విసరడం, పాకి దాన్ని అందుకోవడం. బురదలో వాళ్ళ బూట్ల అడుగులు కనబడుతున్నాయి. నాడెజ్ అడుగులు చిన్నవి. ఎప్పుడూ మెట్టుకు ఎడమవైపే వేస్తుంది. అలా వేయమని నేర్పింది నేనే. పైకి చేరేలోపు పేరు పెట్టి అరిచాను. మబ్బులో అరుపు ఎక్కడికీ పోదు, మన చుట్టే తిరుగుతుంది.

మోర్న్ నెత్తి మీదికి వచ్చేసరికి గాలి మబ్బును పక్కకు తోసింది. లోయ అవతల తెల్లటి ఆవిరి నిట్టనిలువుగా లేచి నిలబడి ఉంది. ఇన్నేళ్ళుగా యాత్రికులకు చేయెత్తి చూపించిన ఆవిరే. అక్కడున్న గుంజకు తాడు చుట్టగా తగిలించి ఉంది.

వాళ్ళూ ఇక్కడ నిలబడి ఆ ఆవిరిని చూశారు. తాడుతో పని లేదని ఇక్కడే వదిలి వెళ్ళారు. వాళ్ళకేమీ కాదు. ఇక్కడికి వచ్చిన ఎవరికైనా చెరువు మరుగుతోందని తెలుస్తుంది. నేను ఇక్కడిదాకైనా రాలేదని కూడా.

గుంజకు ఆనుకుని కూర్చున్నాను. వాళ్ళు తిరిగి వచ్చేదాకా అక్కడే ఉన్నాను.

ముందు మార్టినిక్ అన్నా చెల్లెలు వచ్చారు. మొహాలకు లోయ బురద పూసుకుని తెగ నవ్వుతున్నారు. అడుగున నిలబడకపోయినా వాళ్ళకు చింత లేదు. కుతకుత ఉడుకుతోందని అన్న చేతులు తిప్పి చూపించాడు. వాళ్ళ వెనకే క్లిటస్. నన్ను చూడగానే వాళ్ళిద్దరినీ మాటల్లో పెట్టి కిందికి నడిపించుకుపోయాడు.

నాడెజ్ నిలబడిపోయింది.

“ఎక్కడి దాకా వెళ్ళేవాడివి?”

“చద్దేరు దాకా.”

“ప్రతిసారీనా?”

“మొదటిసారీ, నిన్నా ఇంకొంచెం పైకి.”

“మరి బీటలు?”

నేను కర్ర ఊతగా లేచి నిలబడ్డాను.

“అది అడుగున ఖాళీగా ఉన్నప్పుడు గనక మేం వచ్చి ఉంటే, దిగేవాళ్ళం నాన్నా. నేనే ముందు దిగేదాన్ని. నువ్వు చెప్పావని.”

“తెలుసు. అందుకే వచ్చాను.”

“ఇవాళ వచ్చావు.”

తాడు తీసి భుజాన వేసుకుంది. చెయ్యి ఇవ్వలేదు. నాకు ముందు, ఒక్క మెట్టు కింద నడిచింది, నేను పడితే తన మీద పడేలా. యాత్రికుల్లో ముసలివాళ్ళుంటే మేం అలాగే దిగుతాం.

గుడిసె దగ్గరికి వచ్చేసరికి చీకటి పడబోతోంది. అప్పటికే ఊరంతా అక్కడ చేరింది. తాంత్ పలక మీది రాతను కొంగుతో తుడిచేస్తోంది. ఎవరో రమ్ము సీసా తెచ్చారు.

“ఎప్పటినుంచి మరుగుతోందిరా?” అంది నన్ను చూసి. “పోయినవారం ఎండిపోయిందన్నావే?”

క్లిటస్ అందుకున్నాడు. “అది నిండుతూ దిగుతూ ఉందట తాంత్, వెర్లిన్ ఇప్పుడే చెప్పింది. కోంపే వెళ్ళిన రోజు దిగి ఉంటుంది. వీడి జాతకమే అంత, పెళ్ళి భోజనానికెళ్ళినా చేప అయిపోయాకే వెళ్తాడు.”

జనం నవ్వారు. నాడెజ్ తాడు కింద పెట్టి ముడులు విప్పుతోంది. తల ఎత్తలేదు. అయి ఉంటుంది అని నేను అనవచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. ఏమీ అనకుండా ఇంటికి వచ్చేశాను.

జనవరి 14

పొద్దున్నే గుడిసెకు వెళ్ళాను. తాంత్ కోకో టీ కాచుకుంటోంది. నిలబడే చెప్పాను. ఏ వారం ఎక్కడ కూర్చున్నానో, ఏమేమి కల్పించానో అంతా. మోకాలి సంగతి చివరన చెప్పాను.

ఆమె టీ కలుపుతూనే ఉంది.

“నీ మోకాలి సంగతి ఊరందరికీ తెలుసు” అంది. “క్లిటస్ ఆ రోజే చెప్పాడు. అందుకే నిన్ను పంపింది. వెనకాల యాత్రికులుండరు, తొందరుండదు, ఓపికున్నంత మేర వెళ్తాడు, లేకపోతే పోలేకపోయా తాంత్ అంటాడు, అప్పుడు ఇంకొకరిని పంపుదాం అనుకున్నాం. ఒక్కమాట అంటే సరిపోయేది.”

“అనలేకపోయాను.”

“కాలు పోయిందని నిన్నెవరూ ఏమీ అనరు. వీటల్‌ను ఎవరన్నా అన్నామా? క్రిస్మస్ నుంచీ చెరువు మరుగుతుంటే ఊరు ఊరంతా జలపాతాల కింద తడుస్తూ కూర్చుంది, నీ మాట నమ్మి. అది సరే, పోనీ. ఆ పిల్ల తాడేసుకుని దిగుతానంటే గట్టిగానే ఉందన్నావు చూడు, నా కళ్ళలోకి చూసి అన్నావు.”

నాకూ ఒక గ్లాసులో టీ పోసింది. అక్కడ కూర్చోమని స్టూలు చూపించలేదు. నిలబడి తాగాను.

జనవరి 19

నాడెజ్ రోజూ పైకి వెళ్తోంది. నాతో మాట్లాడుతుంది. ఉప్పు అందించు, దీపం తీసెయ్యి, ఇలాంటివి.

జనవరి 27

బ్యాడ్జి ఇచ్చేశాను. తాంత్ దాన్ని సొరుగులో వేసింది. వీటల్‌కు ఒంట్లో బాగాలేదు కాబట్టి గుడిసెలో మనిషి కావాలట. నేనంటే సరేనని గైడులందరూ అన్నారట. క్లిటస్ చెప్పాడు. నాడెజ్ ఏమందని అడిగాను.

“అది అసలు మాట్లాడలేదు కోంపే. చెయ్యి మాత్రం ఎత్తింది.”

ఫిబ్రవరి 3

గుడిసెలో కూర్చోలేకపోతున్నాను. లేచి గుమ్మం దాకా వెళ్ళి వస్తాను. మళ్ళీ లేస్తాను. మరుగుదొడ్డి ఎక్కడని అందరూ నన్నే అడుగుతున్నారు.

ఫిబ్రవరి 9

రోజో నుంచి నిండా జనంతో ఒక వ్యాను వచ్చింది. పొడుగు టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన అందరికంటే ముందు దిగాడు. ఇంత దూరం వచ్చింది దానికోసమే, మొన్నామధ్య ఎండిపోయిందని విన్నాం, మళ్ళీ అలా కాలేదు కదా అని అడిగాడు.

“మరుగుతోంది” అన్నాను. “నిన్న కూడా.”

“నువ్వు చూశావా?”

నాడెజ్ బయట బూట్లు వేసుకుంటోంది. క్లిటస్ వ్యాను డ్రైవరుతో ఏదో వేళాకోళం ఆడుతున్నాడు. తాంత్ చిల్లర లెక్కపెట్టడం ఆపింది.

“లేదు” అన్నాను. “నేను అంత దూరం నడవలేను. మా అమ్మాయి చూసింది.”

ముసలాయన తల ఊపి, ఆ అమ్మాయి ఎవరని అడిగాడు. చూపించాను.